నలభై నాలుగేళ్ల చిన్నబ్బాయి: ఒక కుటుంబ కౌన్సెలింగ్ కేసు

ప్రకాశం, నెల్లూరు జిల్లాల ఇళ్లలో వయసొచ్చిన మగవాళ్లను అబ్బాయి, చిన్నోడు, బుజ్జి, చంటి అనీ, పిల్లల తల్లులైన ఆడవాళ్లను అమ్మాయి, పాప, చిట్టి అనీ పిలవడం చాలా మామూలు విషయం. అందుకే ఆ పిలుపును ఎవరూ ఒక సమస్యగా చెప్పుకోరు. ఇక్కడ రాస్తున్న కుటుంబం కూడా పిలుపు గురించి నా దగ్గరకు రాలేదు, కోపం గురించి వచ్చింది. ఆ కోపం వెనక ఉన్నది పిలుపేనని తేలడానికి కొంత కాలం పట్టింది. పిలుపు మార్చితే కోపం పోదని తేలడానికి మరికొంత కాలం పట్టింది. పెద్దవాళ్లను పిల్లల మాటలతో పిలవడం ప్రేమా, అవమానమా అని అడిగే తోటి కౌన్సెలర్లకు నేను చెప్పగలిగినదంతా ఈ కేసులోనే ఉంది కనుక, కుటుంబం అనుమతితో దీన్ని రాస్తున్నాను. ఊరి వివరాలను, బంధుత్వాల్లో కొన్నింటిని, గుర్తుపట్టడానికి వీలిచ్చే సంఘటనలను మార్చాను. పేర్లు ఎక్కడా రాయలేదు.

నేపథ్యం

వీరిది ఒంగోలుకు దక్షిణాన ఉన్న పొగాకు రైతు కుటుంబం. తండ్రికి డెబ్బై దాటాయి. ఇద్దరు కొడుకుల్లో పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. రెండవ కొడుకుకు నలభై నాలుగేళ్లు. ఇంటర్ తరువాత చదువు మాని, అప్పటి నుంచి వ్యవసాయమంతా చూసుకుంటున్నది ఈయనే. ఈయనకు పెళ్లయింది, ఇంటర్ చదువుతున్న కూతురు ఉంది. ఇంట్లో తల్లి ఈయనను చిన్నోడా అంటుంది, తండ్రి చిన్నబ్బాయి అంటాడు. ఊరంతా కూడా చిన్నబ్బాయి అనే అంటుంది. ఆధార్ కార్డులో ఉన్న పేరుతో ఆయనను పిలిచేవాళ్లు బ్యాంకు ఉద్యోగులు మాత్రమే.

పొగాకు వ్యవసాయం తీరు తెలియకపోతే ఈ కేసులోని చిక్కు అర్థం కాదు. 1975 నాటి పొగాకు బోర్డు చట్టం ప్రకారం వర్జీనియా పొగాకు పండించే రైతు బోర్డు దగ్గర పేరు నమోదు చేసుకోవాలి, ఆకు కాల్చే (వేడితో ఎండబెట్టే) బ్యారన్‌కు లైసెన్సు ఉండాలి, పంటను బోర్డు వేలం కేంద్రంలో అమ్మాలి. అమ్మకపు సొమ్ము నమోదైన రైతు ఖాతాలోనే పడుతుంది, బ్యాంకు బాకీ అందులోంచే జమ అవుతుంది. ఈ కుటుంబంలో నమోదు, లైసెన్సు, ఖాతా మూడూ తండ్రి పేరు మీదే ఉన్నాయి. నారుమడి పోయడం నుంచి రెలుపులు (ఆకు కోతలు) చేయించడం, బ్యారన్ దగ్గర రాత్రిళ్లు మేలుకోవడం, గ్రేడింగ్ చేయించి చెక్కులు (ఆకు బేళ్లు) కట్టించడం దాకా చేసేదంతా కొడుకే అయినా, కాగితం మీద ఆయన రైతు కాడు. ఇరవై ఏళ్లకు పైగా ఒక పనిని మోస్తూ ఆ పనిలో పేరు లేకుండా ఉన్న మనిషిని ఊరంతా చిన్నబ్బాయి అంటోంది. ఈ రెండు సంగతులకు సంబంధం ఉందని మొదట ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వచ్చిన సమస్య

మొదట భార్య ఒక్కరే వచ్చారు. భర్తకు కొన్ని నెలలుగా నిద్ర సరిగా లేదని, మామగారితో మాటలు తగ్గిపోయాయని, వేలం కేంద్రంలో నలుగురి ముందు గొడవపడి ఇక అక్కడికి వెళ్లనని కూర్చున్నారని చెప్పారు. ఆ గొడవకు కారణం ఆమెకు చాలా చిన్నదిగా కనిపించింది. తండ్రి వయసున్న ఒక వ్యాపారి, నోబిడ్ పడిన, అంటే వేలంలో ఎవరూ ధర పాడని చెక్కుల గురించి అడగబోయిన ఈయనతో, "ఏం అబ్బాయ్, నాన్న రాలేదా? ఆయన వస్తే మాట్లాడతాలే" అన్నాడట. ఈయన చేతిలోని కాగితాలు విసిరికొట్టి, ఆ పెద్దమనిషి మీద అరిచి, లోడుతో వచ్చిన ట్రాక్టరును అక్కడే వదిలేసి వెళ్లిపోయారట.

తరువాతిసారి భర్త వచ్చారు. ఆయనతోపాటు తండ్రి కూడా వచ్చి, ముందుగా తానే కుర్చీలో కూర్చుని, "మా చిన్నోడికి ఈమధ్య కోపం ఎక్కువైందమ్మాయ్, నువ్వే నాలుగు మాటలు చెప్పాలి" అని మొదలుపెట్టారు. నేను కొడుకును అడిగిన ప్రశ్నలకు కూడా ఆయనే జవాబు చెప్పారు. కొడుకు నేలచూపు చూస్తూ ఉండిపోయారు. ఆ కాసేపటిలో కనిపించినది ఏ ప్రశ్నావళిలోనూ దొరకదు కాబట్టి నేను వెంటనే అడ్డుపడలేదు. ఆ తరువాతే పెద్దాయనను బయట కూర్చోమని, కొడుకుతో విడిగా మాట్లాడాను. కుటుంబ కౌన్సెలింగ్‌లో అందరినీ ఒకేసారి కూర్చోబెట్టాలని కొందరు పట్టుబడతారు. ఒకరి తరఫున మరొకరు మాట్లాడే అలవాటు పాతుకుపోయిన ఇంట్లో మాత్రం మొదటి మాట విడిగా వినకపోతే, మనకు అందేది ఆ ఇల్లు ముందే ఒప్పుకున్న కథ ఒక్కటే.

పెద్దాయన నన్ను కూడా అమ్మాయ్ అన్నారు. నాకూ నలభై దాటాయి. అయినా ఆ పిలుపు నాకు నొప్పి కలిగించలేదు. ఆ తరువాతి మాట "నువ్వే చెప్పాలి" అని కాబట్టి నొప్పి కలగలేదని అప్పటికి నేను విడదీసి చూడలేదు గాని, పిలుపును, ఆ వెంట వచ్చే మాటను నా నోట్సులో పక్కపక్కనే రాసి పెట్టుకున్నాను. అది తరువాత పనికొచ్చింది.

మొదట పట్టిన దారి

నిద్రలేమి, చిరాకు, ముడుచుకుపోవడం కలిసి కనిపించినప్పుడు కుంగుబాటును ముందుగా చూడాలి. 2015లో పొగాకు ధరలు పడిపోయి ఈ జిల్లాలో రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. ఆ తరువాత పొగాకు రైతు ఎవరు వచ్చినా, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని నేను సూటిగా అడుగుతాను. ఈయనకు అలాంటివి లేవు. మద్యం అలవాటు లేదు. రక్తపోటు, షుగరు, థైరాయిడ్ పరీక్షల కోసం వైద్యుడి దగ్గరకు పంపితే అవీ మామూలుగానే ఉన్నాయి. కుంగుబాటు లక్షణాలు కొద్దిగా ఉన్నాయి గాని మందుల దాకా వెళ్లవలసినంత లేవని మానసిక వైద్యుడు కూడా అన్నారు.

అందువల్ల కోపాన్ని పట్టుకునే పద్ధతులతో మొదలుపెట్టాం. కోపం పుట్టే ముందు ఒంట్లో వచ్చే మార్పును గుర్తుపట్టడం, జవాబు చెప్పేముందు కొంత వ్యవధి తీసుకోవడం, ఆ చోటు నుంచి కాసేపు తప్పుకోవడం నేర్పాను. వేలం జరిగే నెలలు నడుస్తున్నాయి, ఈయన వెళ్లకపోతే సరుకు కదలదు. కాబట్టి ముందు ఆయన మళ్లీ నలుగురిలోకి వెళ్లగలగాలి, కారణాల సంగతి ఆ తరువాత చూడవచ్చు అన్నది నా లెక్క. చెప్పినవన్నీ ఆయన శ్రద్ధగా చేశారు. అరవడం నిజంగానే ఆగిపోయింది. ఆ బదులు తెల్లవారకముందే పొలానికి పోవడం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు వచ్చి తినడం, తండ్రి ఎదురైతే పక్క గదిలోకి తప్పుకోవడం మొదలయ్యాయి. ఆ చోటు నుంచి తప్పుకోమని నేను చెప్పిన ఉపాయాన్ని ఆయన జీవితమంతటికీ పరిచారు. "అరిచేటప్పుడే నయం, ఇంట్లో మనిషి ఉన్నట్లు ఉండేది" అని భార్య అన్నారు. పొంగును ఆపాం గాని పొయ్యి జోలికి పోలేదని ఆ మాటతో తెలిసింది. ఆయన కోపానికి ఒక కారణం ఉండి, ఆ కారణం న్యాయమైనదైతే, కోపాన్ని అణచుకోమని నేర్పడమంటే ఎదుటివాళ్లదే సరైనదని ఆయనకు చెప్పినట్లవుతుంది. అందుకని ఆ పద్ధతిని పక్కన పెట్టాం.

పిలుపు మార్చి చూడడం

ఆ దశలో ఆయన మొదటిసారి నోరు విప్పి, "నాకు పేరుందండీ. నా కూతురికి పెళ్లీడు వస్తోంది. నన్ను ఇంకా అబ్బాయి అంటారేంటి?" అన్నారు. కుటుంబాన్నంతా కూర్చోబెట్టి ఈ మాట వాళ్ల ముందు పెట్టించాను. తల్లి నొచ్చుకుంది. "నా కళ్లకు వాడు ఎప్పుడూ చిన్నోడే కదమ్మా, ప్రేమగా పిలుస్తే తప్పా?" అంది. తండ్రి, "అది మా అలవాటు. వాడేమీ అనుకోడు" అన్నారు, కొడుకు అక్కడే కూర్చుని ఉండగా. కొన్ని వారాలపాటు అందరూ పేరుతో పిలిచి చూడాలని ఒప్పందం చేసుకున్నాం. ఆయన నేరుగా కోరినది అదే కావడం, పైగా చేసి చూడడం తేలిక కావడం ఈ నిర్ణయానికి కారణాలు. ఫలితం ఎలా ఉన్నా కొంత తెలుస్తుంది.

ఈ ప్రయత్నం నిలవలేదు. తల్లి పేరుతో పిలిచిన ప్రతిసారీ ఆయనకు బడిలో హాజరు పిలిచినట్లు అనిపించిందట. అన్నం పెడుతూ అమ్మ పేరు పెట్టి పిలిస్తే ముద్ద దిగలేదని చెప్పారు. తండ్రి పేరుతో పిలవడానికి నోరు రాక, రెండు రోజులు పిలవడమే మానేసి, ఆ తరువాత "చిన్నబ్బాయి గారూ" అని వెటకారంగా పిలవడం మొదలుపెట్టారు. భార్య, కూతురు మధ్యలో నలిగిపోయారు. మాట మారింది గాని బ్యారన్ దగ్గరా, బ్యాంకులోనూ, వేలం కేంద్రంలోనూ జరిగేది మారలేదు. ఇక్కడ రెండు సంగతులు బయటపడ్డాయి. అమ్మ నోట చిన్నోడా అన్న పిలుపు ఆయనకు కావాలి. నాన్న నోట గారు చేరినా గౌరవం రాలేదు. అంటే నొప్పి ఆ మాటలో లేదు.

తరువాతి వాక్యం

నొప్పి ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక పట్టిక రాయమన్నాను. ఎవరు పిలిచారు, ఎక్కడ, ఏమని, ఆ పిలుపు తరువాత వచ్చిన వాక్యం ఏమిటి, తనకు ఏమనిపించింది అన్నవి అందులో గడులు. కౌన్సెలింగ్‌లో రాయించే పట్టికల్లో సాధారణంగా సంఘటన, ఆలోచన, భావన ఉంటాయి. తరువాతి వాక్యం అన్న గడిని ఈ కేసు కోసమే చేర్చాను. నన్ను అమ్మాయ్ అన్న పెద్దాయన పిలుపు ఎందుకు గుచ్చుకోలేదో ఆలోచించినప్పుడు, ఆ వెంటనే వచ్చిన మాటే దానికి కారణంగా కనిపించడం వల్ల ఆ గడి వచ్చింది.

ఆయన పాత గ్రేడింగ్ లెక్కల పుస్తకంలో గళ్లు గీసి రాసుకొచ్చారు. పెళ్లిలో మేనత్త "ఏరా చిన్నోడా, చిక్కిపోయావే" అంది, బాధ లేదు. చిన్ననాటి స్నేహితుడు బజారులో "ఏందిరా అబ్బాయ్" అన్నాడు, ఆయన కూడా వాణ్ణి అబ్బాయ్ అనే అన్నారు, బాధ లేదు. తల్లి పిలిచిన పిలుపులు ఎన్నో ఉన్నాయి, వాటిలో ఏదీ బాధ పెట్టలేదు. ఎరువుల కొట్టులో "అబ్బాయ్, ఖాతా సంగతి నాన్ననొకసారి రమ్మను" అన్నారు, బాధ. బ్యాంకు దగ్గర తండ్రి స్నేహితుడు "అబ్బాయికేం తెలుసు, మీ నాన్నకు ఫోన్ కలుపు" అన్నాడు, బాధ. అన్నిటికన్నా ఎక్కువ చోటు పట్టింది బ్యారన్ దగ్గరి సంఘటన. పచ్చాకు పసుపుకు తిరిగే దశ దాటి ఆకు ఎండే దశకు వేడి పెంచమని ఈయన పనివాళ్లకు చెప్పారు. తండ్రి వచ్చి, "ఇంకా తిరగలేదు, చిన్నబ్బాయికి తెలియదులే, మంట తగ్గించండి" అన్నారు. పనివాళ్లు తగ్గించారు. బ్యారన్ కాల్చేటప్పుడు ముప్పై అయిదు డిగ్రీల దగ్గర మొదలుపెట్టి వారం లోపల డెబ్బై దాకా మెల్లగా తీసుకెళ్లాలి. ఎక్కడ తొందరపడినా, ఎక్కడ ఆలస్యమైనా ఆకు రంగు చెడి గ్రేడు పడిపోతుంది. ఆ రోజు ఎవరి లెక్క సరైనదో నేను చెప్పలేను, పెద్దాయనదే సరైనది కావచ్చు కూడా. అయితే ఆ తరువాత పనివాళ్లు ఈయన ఏం చెప్పినా ఒకసారి పెద్దాయన వైపు చూసి గాని కదలడం లేదు.

పట్టిక చూశాక మా ఇద్దరికీ ఒక క్రమం కనిపించింది. ఒకరినొకరు అదే మాటతో పిలుచుకోగలిగిన చోట నొప్పి లేదు. తల్లి, మేనత్తల విషయంలో తిరిగి అలా పిలవడం కుదరదు, అయినా పిలుపు తరువాత వచ్చేది ఆయన ఒంటి గురించీ తిండి గురించీ. ఆ మాటకు ఆయన నిర్ణయంతో సంబంధం లేదు, కాబట్టి అక్కడా నొప్పి లేదు. పిలుపు వెంటనే ఆయన చేతిలోని పని ఇంకొకరి చేతికి పోయిన ప్రతిచోటా నొప్పి ఉంది. సంబోధనలో అధికారానికి, చనువుకు తేడా తెలిసేది ఆ సంబోధన ఇద్దరి మధ్యా సమానంగా నడుస్తుందా లేదా అన్నదాన్ని బట్టేనని రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో యూరపు భాషల నువ్వు, మీరు వంటి మాటలను పరిశీలించి రాశారు. వారి లెక్కకు ఈ ఇంట్లో చేర్చవలసింది ఒకటుంది. మన ఇళ్లలో వయసు తేడా వల్ల సమానంగా నడవని చనువు కూడా చాలా ఉంటుంది, దాన్నంతటినీ అధికారం కిందికి తోసేస్తే ఆ తల్లికి అన్యాయం చేసినట్లే.

తండ్రితో విడిగా

ఇప్పుడు మారవలసింది పిలుపు కాదు, పిలుపు వెంట జరుగుతున్నది. అది తండ్రి చేతిలో ఉంది. అందరి ముందు ఈ పట్టిక చూపిస్తే అది ఆయన మీద నేరారోపణ అవుతుంది, ఆయన వాదనకు దిగుతారు. అందుకని కొడుకు అనుమతి తీసుకుని పెద్దాయనను విడిగా పిలిచాను. పట్టిక గురించి మాట్లాడకుండా, ఆయనను ఊళ్లో అబ్బాయి అనడం ఎప్పుడు మానేశారో అడిగాను.

ఆయన చాలాసేపు ఆలోచించి, తన తండ్రి పోయిన తరువాతనే అన్నారు. అప్పటికి ఆయనకు యాభై దాటాయట. కర్మ అయిపోయిన తరువాత కొట్టు దగ్గర ఎవరో పెద్దాయన అని పిలిస్తే వెనక్కి తిరిగి చూసి, తనను కాదనుకుని ముందుకు పోయారట. ఆ ఇంట్లో కొడుకు పెద్దవాడయ్యేది తండ్రి పోయినప్పుడు. అలాంటప్పుడు కొడుకును ఇప్పుడే పెద్దవాడిగా ఒప్పుకొమ్మని అడగడమంటే ఏమి అడుగుతున్నట్లో పెద్దాయన నోటితో అనలేదు, నేనూ అనలేదు. "అన్నీ వాడికిచ్చేస్తే నేను పొద్దున లేచి ఏం చేయాలి?" అని మాత్రం అడిగారు. ఆయన కొడుకును తక్కువ చేయాలని చూడడం లేదు, తనకు మిగిలిన పనిని కాపాడుకుంటున్నారు. ఇది తెలిసిన తరువాత, తండ్రి తప్పుకోవాలన్న పరిష్కారాన్ని నా మనసులోంచి తీసేశాను. అది పొసగదు, పొసగినా మంచిది కాదు.

నిలిచిన ఒప్పందం

తండ్రీకొడుకులను ఎదురెదురుగా కూర్చోబెట్టి, పిలుపు జోలికి పోకుండా, చోట్ల వారీగా ఎవరి మాట చెల్లాలో మాట్లాడించాం. బ్యారన్ దగ్గర కొడుకు మాటే చివరిది. పెద్దాయనకు అనుమానం ఉంటే పనివాళ్ల ముందు కాకుండా పక్కకు పిలిచి చెప్పాలి. నారుమడి, పశువులు పెద్దాయనవి, అక్కడ కొడుకు అడ్డు చెప్పకూడదు. బ్యాంకు, ఎరువుల కొట్టు లెక్కలు కొడుకు చూసి, వారానికొకసారి తండ్రికి వినిపించాలి. నమోదు, లైసెన్సు పేరు మార్పు గురించి వచ్చే సీజను లోపల బోర్డు అధికారులను కలిసి కనుక్కోవాలి. ఆ చివరిది కౌన్సెలింగ్ పరిధిలోది కాదు కనుక నేను అందులోకి పోలేదు.

వేలం కేంద్రం దగ్గర ఏం చేయాలన్నది ఎక్కువసేపు నడిచింది. అక్కడి వ్యాపారులను నేను కౌన్సెలింగ్‌కు పిలవలేను, ఈయన వాళ్లందరికీ తనను ఏమని పిలవాలో చెప్పుకోలేరు, చెబితే నవ్వులాట అవుతుంది. చివరికి పెద్దాయనే తాను ఒకసారి వెంట వెళ్తానన్నారు. వెళ్లి, కొడుకు గొడవపడిన ఆ వ్యాపారి, అంటే తన పాత స్నేహితుడి దగ్గరే నిలబడి, "ఇక మా వ్యవసాయమంతా వీడే చూస్తాడు, ఏదన్నా ఉంటే వీడితోనే మాట్లాడండి" అన్నారట. కొడుకు ఈ సంగతి చెబుతూ మొదటిసారి నా ముందు నవ్వారు. వాక్యంలో ఉన్నది వీడు అన్న మాటే. ఆయన పేరు కూడా రాలేదు. ఆ రోజు నోబిడ్ చెక్కుల గురించి వ్యాపారి మాట్లాడింది ఈయనతోనే. అబ్బాయ్ అనే పిలిచాడట, అది పట్టికలోకి ఎక్కలేదు.

సంక్రాంతికి అన్నగారు హైదరాబాదు నుంచి వచ్చి, పిల్లలందరి ముందు "చిన్నబ్బాయిని అడిగితే ఏం చెబుతాడు, నాన్ననడగండి" అన్నప్పుడు పాత కోపం ఒకసారి తిరిగి వచ్చింది. అన్నగారికి ఈ ఒప్పందం గురించి ఎవరూ చెప్పలేదు. ఫోనులో ఆయనతో ఒకసారి మాట్లాడడంతో అది సర్దుకుంది. ఇంట్లో పెద్దబ్బాయి అనే పిలుపు ఆయనకూ ఉంది. ఆయనకు అది గుచ్చుకోదు, ఎందుకంటే ఆఫీసులో ఆయన మాట చెల్లుతుంది.

పట్టికలోని ఇంకొక పేరు

పట్టికలో ఒక వరుస ఇలా ఉంది: "బ్యారన్ దగ్గర. కుర్రోడు. చిన్నబ్బాయి గారూ అన్నాడు. బాధ లేదు." పొలం ఉన్న ఇంటి కొడుకును పనివాళ్లు అలా పిలిస్తే అది మర్యాద. తండ్రి స్నేహితుల నోట ఆయనను కిందికి దించే మాటే పనివాళ్ల నోట పైకెత్తుతుంది. నేను ఆ కుర్రోడి వయసెంత అని అడిగాను. యాభై రెండో, యాభై మూడో ఉంటాయన్నారు. ఆ మాట అన్నాక ఆయన కాసేపు మాట్లాడలేదు.

ఈ ప్రశ్న అడగాలా వద్దా అని నేను ముందే ఆలోచించుకున్నాను. ఆయన తన నొప్పికి మందు కోసం వచ్చారు, నీతి పాఠం కోసం రాలేదు. ఆ పనిమనిషి నా దగ్గరకు రాలేదు. అయినా అడగడానికి బలమైన కారణం ఉంది. ఆ వరుస ఆయన రాసినదే. నలభై నాలుగేళ్ల మనిషిని అబ్బాయి అనడం ఎందుకు బాధించిందో ఆయనే వివరంగా చెప్పి ఉన్నారు. ఆ వివరణ తనకొక్కడికే వర్తిస్తుందని అనుకున్నంతకాలం అది తండ్రి మీద ఫిర్యాదుగానే ఉంటుంది, తెలివిడి కాదు. పైగా ఆ మనిషిది ఎస్సీ కాలనీ. ఆ కాలనీ మగవాళ్లకు ఊళ్లో కుర్రోడి తరువాత వచ్చే మాట ముసలోడే. మధ్యలో పెద్దమనిషి అనే దశ వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. మా క్లయింటుకు తండ్రి మాటతో ఒకనాటికి పెద్దరికం వచ్చింది, రాకపోయినా వయసు మళ్లేసరికి వచ్చి ఉండేది. ఇతనికి ఆ దారి లేదు.

ఆయన మొదటి జవాబు, "ఇదేమన్నా కేసవుతుందాండీ?" చట్టం గురించి వకీలును అడగమన్నాను. నేను ఏదో ఒకటి చెబితే మాట అక్కడితో ఆగిపోయి ఉండేది. రెండవ జవాబు, "అది మా దగ్గర అలవాటు. వాడేమీ అనుకోడు." ఈ వాక్యం ఆయన తండ్రి ఆయన గురించి ఇదే గదిలో అన్నది. నేను గుర్తు చేయవలసిన అవసరం రాలేదు.

అమెరికాలో నల్లజాతి పురుషులను ఏ వయసులోనైనా బాయ్ అని పిలిచే అలవాటు చాలాకాలం ఉండేది. అలబామాలో ఒక కోడిమాంసం కర్మాగారంలో పనిచేసిన ఇద్దరు నల్లజాతి ఉద్యోగుల వ్యాజ్యంలో, ముందు జాతిని సూచించే మరో మాట లేకుండా వట్టి బాయ్ అంటే అది వివక్షకు సాక్ష్యం కాదని కింది కోర్టు అంది. 2006లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని ఒప్పుకోలేదు. ఆ మాట అర్థం సందర్భం, గొంతు తీరు, స్థానిక ఆచారం, చారిత్రక వాడుక వంటి వాటి మీద ఆధారపడి ఉంటుందని చెప్పింది. ఈ సంగతి ఆయనకు చెప్పినప్పుడు, స్థానిక ఆచారం అన్న మాట దగ్గర ఆగి, ఆచారమైతే తప్పు లేదనా అని అడిగారు. ఆచారం వల్ల తప్పు పెరగవచ్చని కూడా ఆ తీర్పును చదవవచ్చు. కుర్రోడు అన్న మాట మేనత్త నోట ఒకటి, తరాలుగా ఒక వీధి మగవాళ్లందరికీ అదే పేరైనప్పుడు ఇంకొకటి.

ఆ పనిమనిషి తమ చర్చిలో సంఘ పెద్ద అని ఆయనకు తెలుసు. 1878లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కాలంలో వేలమంది బాప్తిస్మం తీసుకున్న ప్రాంతం ఇది, ఆ కాలనీలో ఆదివారం నాడు అతనిని పేరుతో, బ్రదర్ అని చేర్చి పిలుస్తారు. ఈయన కొన్ని వారాల తరువాత అతనిని పేరుతో పిలవడం మొదలుపెట్టానని, చివర రా తీసేశానని చెప్పారు. మొదటిసారి అలా పిలిచినప్పుడు అతను ఏదో తప్పు జరిగిందేమోనని భయపడ్డాడట. అతనికి ఇది నచ్చిందో లేదో నేను అడిగి తెలుసుకోలేదు. ఈ ఇంటి దగ్గర అడ్వాన్సు తీసుకుని పనిచేస్తున్న మనిషిని నా దగ్గరకు రమ్మంటే, రాకూడదనుకున్నా వస్తాడు, నచ్చలేదని అనుకున్నా నచ్చిందంటాడు. కాబట్టి ఈ భాగంలో నాకు తెలిసింది ఒకవైపు మాటే. అతను ఇప్పటికీ ఈయనను చిన్నబ్బాయి గారూ అనే అంటున్నాడు.

తోటి కౌన్సెలర్లకు

మేము సెషన్లు ఆపేనాటికి ఆయనకు నిద్ర బాగుపడింది, వేలం కేంద్రానికి వెళ్తున్నారు, తండ్రితో వారపు లెక్కలు నడుస్తున్నాయి. వాటిలో వాదులాట ఉంది, మౌనం మాత్రం లేదు. తల్లి చిన్నోడా అనే పిలుస్తోంది. పేరు మార్పు దరఖాస్తు ఇంకా మొదలు కాలేదు, పెద్దాయన ఏదో ఒక పని చెప్పి వాయిదా వేస్తున్నారు. అది తేలకుండా ఈ కేసు పూర్తిగా కుదుటపడిందని నేను అనను.

పట్టికలోని తరువాతి వాక్యం గడిని అప్పటి నుంచి వేరే ఇళ్లలోనూ వాడుతున్నాను. కోడళ్ల విషయంలో అది బాగా పనిచేసింది. "మా అమ్మాయే" అన్న అత్తగారి మాట తరువాత ఇంటి తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయని అడిగితే చాలు, మిగతాది ఇద్దరూ చెబుతారు. మతిమరుపు వ్యాధి ఉన్న వృద్ధుల దగ్గర మాత్రం అది సరిపోదు. "బంగారం, బుజ్జి కదూ, నోరు తెరువు" అని చంటిపిల్లల గొంతుతో మాట్లాడినప్పుడు తరువాతి వాక్యం ఎంత మంచిదైనా ఆ ధోరణే వాళ్లను గాయపరుస్తుంది. అలా మాట్లాడినప్పుడు అలాంటి వృద్ధులు సంరక్షణకు ఎక్కువగా ఎదురుతిరుగుతారని అమెరికాలో క్రిస్టీన్ విలియమ్స్ బృందం 2009లో ప్రచురించిన పరిశీలనలో తేలింది. అక్కడ మాటను, గొంతును నేరుగా మార్పించాలి.

మొదటి రోజు వివరాలు రాసుకునేటప్పుడు ఇంట్లో మిమ్మల్ని ఏమని పిలుస్తారని ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. ఆ ప్రశ్నను వెంట వచ్చిన పెద్దవాళ్లు గదిలో ఉండగా అడగకూడదు. అడిగితే జవాబు వాళ్లే చెబుతారు.